బరువెవరిది, పరువెవరిది? ఆటస్థలంలో 'మెరిట్' సంగతి

రిజర్వేషన్ల మాట ఎక్కడొచ్చినా మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "అయితే క్రికెట్ టీములో కూడా రిజర్వేషన్లు పెట్టేద్దామా?" అని. 1990లో మండల్ సిఫార్సులకి వ్యతిరేకంగా రోడ్డెక్కి బూట్లు తుడిచి, వీధులు ఊడ్చి నిరసన తెలిపిన రోజుల నుంచి దీన్ని వింటూనే ఉన్నాం. (బూట్లు తుడవటం, వీధులు ఊడవటం ఎవరి పనని వాళ్ల మనసులో ఉందో ఆ నిరసనే చెప్పేసింది, అది వేరే సంగతి.) అడిగేవాళ్లకి ఇది తిరుగులేని ప్రశ్న. ఆటలో కులం లేదు, సిఫార్సు లేదు, సత్తా ఉన్నవాడే నిలబడతాడు, మెరిట్ అంటే ఏమిటో ఆటని చూసి నేర్చుకోండి అని దాని సారాంశం.

దీనికి మనం రాజ్యాంగం గురించి చెప్తాం, సామాజిక న్యాయం గురించి చెప్తాం. ఆట గురించి మాత్రం మాట్లాడం. ఆటస్థలం వాళ్ల సొంత భూమి అన్నట్టు వదిలేసి పక్కకి జరుగుతాం. మన పత్రికల్లో కవుల గురించి, నాయకుల గురించి వచ్చినంతగా ఆటగాళ్ల గురించి రాలేదు. ఇది మన లోపమే. ప్రశ్న ఆట గురించి ఐతే జవాబు కూడా ఆట చరిత్రలోంచే రావాలి. దానికోసం దూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరాల దగ్గరే మొదలుపెట్టొచ్చు.

ముందు శ్రీకాకుళం. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు, ఇంట్లో అందరూ ఆడపిల్లలు. 1975లో పుట్టిన కరణం మల్లీశ్వరి పన్నెండేళ్ల వయసులో నీలంశెట్టి అప్పన్న అనే కోచ్ దగ్గర ఇనుము పట్టుకుంది. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌కి ప్రపంచ పోటీలంటూ మొదలైందే 1987లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లని ఈ ఆట ఆడనిచ్చింది 2000లో. అంటే ఆమె మొదలుపెట్టిన నాటికి ఆ దారి చివర ఒలింపిక్ పతకం అనేదే లేదు. లేని దానికోసం ఒక పల్లెటూరి పిల్ల పొద్దున్నే లేచి బరువులెత్తింది.

తోబుట్టువు జాతీయ శిబిరానికి వెళ్తే తోడుగా వెళ్లిన మల్లీశ్వరిని అక్కడున్న లియోనిద్ తరనెంకో గమనించాడని చెప్తారు. తరనెంకో 1980 ఒలింపిక్ ఛాంపియన్. ఈ సంగతిని పత్రికలు అదృష్టం కింద రాసి ముగిస్తాయి. మేము ఇక్కడే ఆగాలనుకుంటున్నాం. ఆ రోజు ఆమె ఏ జాబితాలోనూ లేదు. చూసే కన్ను ఒకటి అనుకోకుండా అక్కడుంది కాబట్టి కనపడింది. మెరిట్ దానంతటదే పైకి తేలుతుందనేవాళ్లు ఈ ఒక్క విషయానికి జవాబు చెప్పాలి. ఆ కన్ను లేని శిబిరాల్లో, అసలు శిబిరమే లేని ఊళ్లలో ఎంత సత్తా అట్లాగే ఉండిపోయిందో ఎవరు లెక్క కట్టారు?

ఆ తర్వాత కథ రికార్డుల్లో ఉంది. 1993 మెల్బోర్న్ ప్రపంచ పోటీల్లో కాంస్యం. 1994 ఇస్తాంబుల్‌లో బంగారం. 1995 గ్వాంగ్‌జౌలో మళ్లీ బంగారం. 1996 వార్సాలో కాంస్యం. 1994 హిరోషిమా, 1998 బ్యాంకాక్ ఏషియాడ్‌లలో రజతాలు. అర్జున అవార్డు, ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ. మన దేశంలో ఏ ఆటలోనైనా రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ ఐనవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టే రోజులవి.

ఇంత చేసినా సిడ్నీ ఒలింపిక్స్ ముందు ఆమెకి పరీక్ష తప్పలేదు. ఒళ్లు పెంచిందన్నారు. బీరు తాగుతుందని ఒక జాతీయ పత్రిక రాసింది. ఆమె పని ఐపోయిందన్నారు. 54 కిలోల తరగతిలో మొదలై 63కి, అక్కడి నుంచి 69కి మారిన మనిషి ఒళ్లు పెంచక ఏం చేస్తుంది? ఈ ఆటలో ఒంటి బరువు అనేది లెక్క ప్రకారం పెంచుకునేది, తగ్గించుకునేది. ఆ మాత్రం తెలియనివాళ్లు కూడా ఆమె ఒంటి మీద తీర్పు చెప్పారు. ఎందుకంటే ఆడదాని ఒళ్లు అందరి చర్చకీ వచ్చే ఆస్తి. అందులో అది నాజూకు ఒళ్లు కాదు, పనిచేసే ఒళ్లు. ఆడదంటే ఎట్లా ఉండాలని అగ్రవర్ణ సౌందర్య దృష్టి చెప్తుందో ఆ లెక్కలో ఇమడని ఒళ్లు.

2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చైనాకి చెందిన లిన్ వీనింగ్, హంగరీకి చెందిన మార్కుష్ ఇద్దరూ 242.5 ఎత్తారు. చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5 అడిగింది. అది నిలవలేదు. కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ ఏడాది నూరు కోట్ల దేశానికి వచ్చిన పతకం అదొక్కటే. నిన్నటిదాకా లావు అన్నవాళ్లు మర్నాడు 'దేశం పరువు నిలబెట్టింది' అన్నారు. బరువు ఆమెది, పరువు దేశానిది. ఆ వెంటనే ఇంకో పరీక్ష మొదలైంది. 132.5 అడిగి ఉంటే మెరుగైన పతకం వచ్చేది గదా, 137.5 ఎందుకు అడిగారు అని. బంగారం కోసం ప్రయత్నించటం కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సిన తప్పైంది.

మల్లీశ్వరి ఏ కులం అన్నది ఇక్కడ మా చర్చ కాదు. ఆమెని మా ఖాతాలో వేసుకునే ఉద్దేశం లేదు. మేము చూస్తున్నది ఆమె ఆడిన ఆటని, ఆ ఆటకి మన సమాజం ఇచ్చిన విలువని. మా వైపు మిల్లుల్లో కళాసీ ఎత్తే ధాన్యం బస్తా 75, 80 కిలోలు. దాన్ని రోజంతా ఎత్తుతాడు. ఇటుక బట్టీల్లో, కట్టుబడి పనుల్లో, రేవుల్లో బరువు మోయటానికి శ్రీకాకుళం జనం వలస పోయినన్ని ఊళ్లు లేవు. మన భాషలో 'మోత' అంటే చాకిరీ. 'మోసేవాడు' అంటే తక్కువవాడు. బరువెత్తటంలో బుద్ధి ఏముంది, కండ తప్ప, అనే చిన్నచూపు ఈ ఆటని కూడా వదల్లేదు. వెయిట్‌లిఫ్టింగ్‌కి కామెంటరీ లేదు, రేడియో చుట్టూ మూగిన జనం లేరు, మొదటి పేజీ ఫోటోలు లేవు, పతకం వచ్చిన రోజు తప్ప. బుద్ధి వేరు, ఒళ్లు వేరు అని విడగొట్టి, బుద్ధిని కొన్ని కులాలకి, ఒంటిని మిగతా కులాలకి పంచిపెట్టిన వ్యవస్థే ఆటలకి కూడా పెద్ద చిన్న అని వరస పెట్టింది.

ఇప్పుడు విజయనగరం వద్దాం. శ్రీకాకుళంలో స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరుంది. వీరఘట్టంలో పుట్టి, తాలింఖానాలో తయారై, సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న మల్లుడు. ఒంటి సత్తాకి దక్కిన పేరది. విజయనగరంలో స్టేడియానికి విజ్జీ పేరుంది. అది దేనికి దక్కిందో చూద్దాం.

విజ్జీ అంటే పూసపాటి వంశానికి చెందిన మహారాజకుమార్ సర్ విజయ ఆనంద గజపతిరాజు. 1905లో పుట్టాడు. కాశీలో తన నివాసంలోనే క్రికెట్ మైదానం కట్టించుకున్నాడు. 1930–31లో ఎం.సి.సి. పర్యటన రద్దైతే, ఇంగ్లండ్ నుంచి హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి మహా ఆటగాళ్లని సొంత ఖర్చుతో రప్పించి తన జట్టులో ఆడించాడు. ఆ డబ్బు ఎక్కడిదని ఏ క్రికెట్ పుస్తకమూ గట్టిగా అడగదు. 1802 నుంచి నడిచిన జమీందారీ శిస్తుల వ్యవస్థలో రైతులు కట్టిందది. ఆ రైతుల కింద పాలేర్లు, కంబారీలు పండించిందది. కాశీ మైదానంలో గడ్డి పచ్చగా ఉండటానికి ఇక్కడ ఎవరి గాదె ఖాళీ అయిందో చెప్పటం కూడా ఆట చరిత్రే అవుతుంది.

1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి విజ్జీ నాయకుడు. ఆ జట్టులో సి.కె. నాయుడు ఉన్నాడు. 1932లో మన మొదటి టెస్టుకి నాయకత్వం వహించినవాడు, తెలుగు మూలాలున్నవాడు, ఆటలో ఎవరితోనైనా సరితూగేవాడు. ఐనా నాయుడు విజ్జీ కింద ఆడాల్సొచ్చింది. మూడు టెస్టులు జరిగాయి. రెండు ఓడాం, ఒకటి డ్రా. మూడు టెస్టుల్లో కలిపి నాయకుడు చేసిన పరుగులు 33. సగటు 8.25. జట్టులో బ్యాటుతోనూ బంతితోనూ రాణిస్తున్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఓడెక్కించి వెనక్కి పంపారు. తర్వాత బాంబే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బోమాంట్ అధ్యక్షతన విచారణ జరిగింది. ఫీల్డర్లని ఎక్కడ నిలబెట్టాలో, బౌలర్లని ఎప్పుడు మార్చాలో కూడా నాయకుడికి తెలియదని 1937లో ఆ కమిటీ తేల్చింది.

దీని ఫలితం ఏమిటి? ఆ 1936లోనే ఆయనకి 'సర్' బిరుదు వచ్చింది. 1954లో క్రికెట్ బోర్డు అధ్యక్ష పదవి. 1958లో పద్మభూషణ్. రేడియో కామెంటరీ. 1960లో విశాఖపట్నం నుంచి లోక్‌సభ. విశ్వవిద్యాలయాల పోటీకి ఆయన పేరు, ఊళ్లో స్టేడియానికి ఆయన పేరు. ఆయన ఆటకి ఏమీ చేయలేదని మేము అనటం లేదు. డబ్బు పెట్టాడు, పెద్ద ఆటగాళ్లని తెచ్చాడు, ఉత్తరాదిన క్రికెట్ పెరగటానికి తోడ్పడ్డాడు. 1947లో 'సర్' బిరుదు వదులుకున్నాడు కూడా. రాజకుటుంబాల్లో నిజమైన ఆటగాళ్లు లేరని కూడా అనటం లేదు. రంజిత్ సింహ్‌జీ ఉన్నాడు, పటౌడీ ఉన్నాడు. మా ప్రశ్న ఒకటే. విజ్జీని ఎవరైనా మెరిట్ అడిగారా? 110 ఎత్తావా లేదా అని అడిగే ఇనుము ఆయన ముందు ఎప్పుడైనా పెట్టారా? ప్రపంచ ఛాంపియన్ ఐన మనిషిని ఒళ్లు చూసి అనుమానించిన దేశమే, 33 పరుగుల మనిషికి ఆటని అప్పగించి, ఆ తర్వాత బోర్డుని కూడా అప్పగించింది.

ఇది ఒక్క విజ్జీ కథ ఐతే వినోదంగా చెప్పుకుని వదిలేయొచ్చు. క్రికెట్ రాతల్లో అట్లాగే చెప్పుకుంటారు, నవ్వుకుంటారు. ఆ నవ్వు వెనక ఏముందో తెలియాలంటే ఆయన కంటే ముప్పై ఏళ్ల ముందు పుట్టిన ఇంకో మనిషి దగ్గరికి వెళ్లాలి. పల్వంకర్ బాలూ. చమార్ కులం. 1876లో ధార్వాడ్‌లో పుట్టి పూనాలో పెరిగాడు. పార్సీల క్లబ్బులో పిచ్ ఊడ్చి చదును చేసే పని, నెలకి మూడు రూపాయలు. తర్వాత తెల్లవాళ్ల క్లబ్బులో నాలుగు రూపాయలు. అక్కడ గ్రెగ్ అనే దొరకి ప్రాక్టీసు కోసం గంటల తరబడి బంతులు వేసేవాడు. వేసి వేసి దేశంలోకెల్లా గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. బంతి వెయ్యనిచ్చారు గాని బ్యాటు పట్టుకోనివ్వలేదు. చాకిరీ కింది కులానిది, షాటు కొట్టే సరదా దొరది. మేము పైన చెప్పిన ఒళ్లు–బుద్ధి పంపకం ఇక్కడ బంతి–బ్యాటు పంపకంగా కనిపిస్తుంది.

పూనా హిందువులు తెల్లవాళ్ల మీద గెలవాలంటే బాలూ కావాలి. అంటరానివాడితో ఆడాలంటే కులం పోతుంది. అక్కడి తెలుగు సభ్యులు కొందరు బాలూని తీసుకుందామంటే, స్థానిక బ్రాహ్మణులు వద్దన్నారని చరిత్రకారుడు రామచంద్ర గుహ రాశాడు. చివరికి తీసుకున్నారు. మైదానంలో అతను తాకిన బంతినే వాళ్లూ తాకారు. విరామంలో మాత్రం బాలూకి టీ బయట, మట్టి పిడతలో. భోజనం విడిగా. అతని చేతిలోంచి వికెట్లు కావాలి, ఆ చేత్తో తాకిన కప్పు వద్దు. 1906లో బొంబాయిలో యూరోపియన్ల మీద హిందూ జట్టు గెలిచిందంటే అందులో బాలూ చేయి ఉంది. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టుకి నాయకుడు పాటియాలా మహారాజా. ఆ పర్యటనలో బాలూ తీసిన వికెట్లు వందకి పైన. ఫస్ట్‌క్లాస్ మ్యాచుల్లోనే 75.

అటువంటి బాలూని హిందూ జట్టుకి నాయకుడిగా చేయమని ఏళ్ల తరబడి అడిగారు. చేయలేదు. 1920లో తమ్ముళ్లు విఠల్, శివరాం ఈ అన్యాయానికి నిరసనగా జట్టు నుంచి తప్పుకున్నారు. అప్పుడు ఉపనాయకత్వం దాకా దిగొచ్చారు. 1923లో విఠల్ నాయకుడయ్యాడు, జట్టు గెలిచింది కూడా. బాలూకి మాత్రం ఆ స్థానం అధికారికంగా దక్కలేదు. ఎందుకు దక్కలేదో మనకి తెలుసు. నాయకుడంటే బుద్ధి, నాయకుడంటే ఆజ్ఞ. అంటరానివాడి ఆజ్ఞకి సవర్ణుడు ఫీల్డింగ్ మారటమా?

1911లో పాటియాలా. 1932 పర్యటనకి పోరుబందరు రాజా నాయకుడు, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. ఆ పర్యటన మొత్తం మీద ఫస్ట్‌క్లాస్ మ్యాచుల్లో పోరుబందరు చేసిన పరుగులు రెండు. టెస్టు రోజున ఆయన పక్కకి జరిగి నాయుడికి చోటిచ్చాడు, అది ఆయన మర్యాద. 1936లో విజ్జీకి ఆ మర్యాద కూడా లేకపోయింది. పాతికేళ్లలో మూడు పెద్ద పర్యటనలు, మూడింటికీ సంస్థానాల మనుషులే నాయకులు. దీనికి పేరేం పెడదాం? నూటికి నూరు శాతం పుట్టుక కోటా అనకుండా ఇంకేమనాలి?

బాలూ కథలో మనల్ని ఇబ్బంది పెట్టే భాగం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. యువకుడిగా ఉన్నప్పుడు అంబేద్కర్ బాలూని చూసి గర్వపడ్డాడు, ఆయనకి జరిగిన సన్మానంలో పాలుపంచుకున్నాడు. ఐతే 1932లో ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో బాలూ ఎదుటి పక్షాన నిలబడ్డాడు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయన్ని బొంబాయిలో అంబేద్కర్ మీదే పోటీకి పెట్టింది. అంబేద్కర్‌కి 13,245, బాలూకి 11,225 ఓట్లు వచ్చాయి. జట్టుకి నాయకుడిగా పనికిరాడన్న మనిషి అంబేద్కర్‌ని ఓడించటానికి మాత్రం పనికొచ్చాడు. ఛాంపియన్ పేరుని ఎవరు ఎప్పుడు బయటికి తీస్తారో, దేనికి వాడుకుంటారో ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. పతకం రోజున మాత్రమే గుర్తొచ్చే 'దేశం బిడ్డ' అనే మాటని కూడా ఈ అనుభవం పక్కన పెట్టి చదవాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరికి రావచ్చు. మెరిట్ అనేది లేదని మేము అనటం లేదు. ఇనుము నిజమే చెప్తుంది. 110 కిలోలు ఎవరెత్తినా 110 కిలోలే. బాలూ వేసిన బంతి కులం చూడకుండానే వికెట్ పడగొట్టింది. ఆ కొద్ది క్షణాలు ఆట న్యాయంగానే ఉంటుంది. ఐతే ఆ క్షణానికి ముందు గేటు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారు, ఆ క్షణం తర్వాత పేరు ఎవరు రాస్తున్నారు అన్నది ఇనుము చేతిలో లేదు. మెరిట్ పరీక్ష అందరికీ పెట్టరు. కింది నుంచి వచ్చేవాళ్లకి ప్రతి మెట్టు దగ్గరా పెడతారు. పైన ఉన్నవాళ్లకి వేరే దారి ఉంటుంది, ఆ దారికి 'సంప్రదాయం' అనో 'పోషణ' అనో పేరుంటుంది.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే ఊరుంది. పెద్ద క్లబ్బులు లేవు, రాజుల మైదానాలు లేవు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో మొదట కాంస్యం, మొదటి స్థానంలో ఉన్నామె డోపింగ్‌లో పట్టుబడ్డాక రజతం తెచ్చింది. ఊరూ పేరూ లేని చోట ఇనుము ముందు నిలబడే పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు. మల్లీశ్వరి హర్యానాలో స్థిరపడి యమునానగర్‌లో పిల్లలకి నేర్పించింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా నియమితురాలైంది. మా జిల్లాల నుంచి కూలీలే కాదు, ఛాంపియన్లు కూడా వలస పోతారు.

మన టీచర్లు, విద్యార్థులు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. సంక్షేమ హాస్టళ్లలో, తాలింఖానాల్లో, జూట్ మిల్లు పేటల్లో ఎవరు ఆడారు, ఎవరు నేర్పారు, ఎవరు ఏ గేటు దగ్గర ఆగిపోయారు అని అడిగి రాసి పెట్టాలి. అప్పన్న లాంటి కోచ్‌ల పేర్లు పతకాల వార్తల అడుగున పడిపోక ముందే రాయాలి. స్టేడియం గోడల మీద పేర్లు రాసేవాళ్లు ఈ పని చేయరు.

ఇక ఆ పాత ప్రశ్న మళ్లీ ఎవరైనా అడిగితే తల దించుకోనక్కర్లేదు. క్రికెట్ టీములో రిజర్వేషన్లు పెడదామా అంటే, అయ్యా, మీరు పెట్టేశారు. 1911లో పెట్టారు, 1932లో పెట్టారు, 1936లో పెట్టారు. బాలూ బయట కూర్చుని మట్టి పిడతలో టీ తాగుతూ చూశాడు.